ఏ బావి నీళ్ళప్పా ఇవి?

మద్యం గూర్చి తెలుగులో వ్రాయడానికి మనకు రెండే దారులున్నట్లు కనిపిస్తుంది. ఒకటి నీతిశతకపు దారి, రెండవది హాస్యనాటిక దారి. మొదటిదానిలో త్రాగినవాడు చెడిపోతాడు, రెండవదానిలో తూలిపోతాడు. త్రాగినదాని రుచి ఎట్లా ఉందన్న ప్రశ్న మాత్రం రెండింటిలోనూ రాదు. కాఫీ గూర్చి, గోంగూర గూర్చి, ఆవకాయ గూర్చి పేజీలకు పేజీలు వ్రాసుకొన్న వాళ్ళము, బీరు దగ్గరికి వచ్చేసరికి "చల్లగా ఉందా?", "ఎంత ఎక్కుతుంది?" అన్న రెండు ప్రశ్నలతో సరిపెట్టుకొంటాము.

ఈ వ్యాసం ఆ అడగని ప్రశ్న గూర్చి. ముక్కు విరిచే మిత్రులకు ముందుగానే ఒక మాట చెప్పుకొంటాను. ఇందులో త్రాగమన్న ప్రోత్సాహం లేదు. అనంతపురం జిల్లాలో పుట్టినవాడెవడూ సారాయి చేసిన చేటును చూడకుండా పెరగడు. పైగా దీనిలో మత్తు కన్నా నీటి ప్రస్తావనే ఎక్కువ. బీరులో తొంభై పాళ్ళకు మించి ఉండేది నీరే కదా! కరువు సీమవాడు బీరును గూర్చి ఆలోచించడం మొదలుపెడితే, ఎక్కడ మొదలుపెట్టినా చివరికి బావి దగ్గరికే చేరుకొంటాడు.

మా రాప్తాడు అనంతపురానికి దక్షిణాన, బెంగళూరుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న మండల కేంద్రం. పాతవాళ్ళ నోట అది నేటికీ ఏడో నంబరు రోడ్డే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. అదీ పడవలసిన అదనులో పడితే చెనక్కాయ పండుతుంది, పడకపోతే లేదు. ఇక్కడ బీరు అంటే 650 మిల్లీలీటర్ల సీసా. అందులో రెండే జాతులు: లైటు, స్ట్రాంగు. లైటులో మత్తుపాలు అయిదు శాతం లోపు, స్ట్రాంగులో ఎనిమిది శాతం దాకా ఉంటుంది. నిజానికి రెండూ ఒకే కుటుంబానికి చెందిన లేత పసుపు లాగర్లే. తేడా రుచిలో కాదు, మోతాదులో. దేశమంతటా అమ్ముడుపోయే బీరులో అధికభాగం ఈ స్ట్రాంగే. ఎండలో పని చేసి వచ్చినవాడు పెట్టిన డబ్బుకు ఎంత మత్తు గిట్టుబాటవుతుందని లెక్క వేసుకోవడంలో నాకు వింతేమీ కనిపించదు. కాని ఆ లెక్కలో రుచికి చోటు లేదు.

రుచికి చోటున్న బీరును నేను ఎరిగింది రెండు వందల కిలోమీటర్ల అవతలి బెంగళూరులో. మా ప్రాంతపు పిల్లలలో చదువుకొన్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ చేరుకొనే ఊరు అదే. అక్కడ 2010-12 సంవత్సరాల మధ్య టాయిట్, బియర్ క్లబ్, ఆర్బర్, విండ్‌మిల్స్ వంటి చిన్న బ్రూవరీలు ఒకదాని వెంట ఒకటి వెలిశాయి. త్రాగే చోటనే రాగి, ఉక్కు బానలు పెట్టి, అక్కడే కాచి, అక్కడే పోస్తారు. ఆరేడు చిన్న గ్లాసులను ఒక చెక్కపలక మీద వరుసగా పేర్చి రుచి చూడడానికి ఇస్తారు. ఉగాదినాడు ఆరు రుచులను ఒక్క గిన్నెలో కలిపి తినేవాళ్ళకు, ఆ ఆరింటిని విడివిడిగా ఆరు గ్లాసులలో పోసి ఇచ్చినట్లుంటుంది.

ఆ వరుసను పరిచయం చేస్తాను. అన్నింటికీ మూలం ఒక్కటే. బార్లీని మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, వేడినీటిలో నానవేస్తారు. మొలకెత్తిన గింజకు మాల్టు అని పేరు. ఆ నీటికి తీపి దిగిన తరువాత హాప్స్ అనే తీగ పువ్వులు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్టు వేసి పులియబెడతారు. పులియబెట్టడంలోనే రెండు పెద్ద శాఖలు ఏర్పడ్డాయి. కాస్త వెచ్చగా, పదిహేను ఇరవై డిగ్రీల వద్ద త్వరగా పులిసేవి ఏల్‌లు. పది డిగ్రీల అటూ ఇటూ చల్లదనంలో నిదానంగా పులిసి, ఆపైన వారాల తరబడి చలిలో నిలవ ఉండేవి లాగర్లు. లాగర్ అన్న మాటకు మూలమైన జర్మను పదానికి అర్థమే నిలవ ఉంచడం.

జర్మనీ గోధుమ బీరైన హెఫెవైజెన్‌ను నోట పెట్టుకొంటే పండిన అరటిపండు, వెనుకనే లవంగం పలుకుతాయి. అందులో అరటిపండూ ఉండదు, లవంగమూ ఉండదు. ఆ జాతి ఈస్టు పులియబెట్టేటప్పుడు పుట్టించే వాసనలవి. బెల్జియం గోధుమ బీరైన విట్‌లో మాత్రం నిజంగానే ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. మన వంటింటి పోపుల డబ్బాలోని ధనియాలు అంత దూరాన బీరు బానలో పడడం నాకు మహా ఇష్టమైన సంగతి. హూగార్డెన్ అనే ఊరిలో ఈ బాణీ బీరు కాచే చివరి బ్రూవరీ 1957లో మూతబడితే, పియర్ సెలిస్ అనే పాలవాడు చిన్ననాడు అక్కడ పని చేసిన జ్ఞాపకంతో 1966లో దానిని మళ్ళీ బ్రతికించాడు. ఒక ఊరి రుచి ఒక మనిషి నాలుక మీద తొమ్మిదేళ్ళు దాగి ఉండి తిరిగి వచ్చిందన్నమాట. టాయిట్‌వారి టిన్‌టిన్ ఈ కోవలోనిదే. బాస్మతి బియ్యంతో కాచే బ్లాండ్ ఒకటి కూడా వారి దగ్గర ఉంది.

స్టౌట్ నల్లనిది. మాడ వేయించిన బార్లీ వలన కాఫీ డికాషను చేదు దానికి వస్తుంది. ఇండియా పేల్ ఏల్ హాప్స్ చేదు గలది. వేపపువ్వును ఏటా పండుగనాడు దేవుడి ముందు పెట్టి మరీ తినేవాళ్ళకు ఈ చేదు అలవాటు కావడం కష్టమేమీ కాదు. వీటన్నిటి మధ్య పిల్స్‌నర్ అనే లాగర్ పైకి అమాయకంగా కనిపిస్తుంది. బంగారు రంగు, తేట నీటి వంటి శుభ్రత, చివరలో గడ్డిపూల వాసనతో కూడిన పలుచని చేదు. మన సీసా బీరు ఈ పిల్స్‌నర్‌కు దూరపు చుట్టమే. కాని ఏ పెళ్ళిలో కలిసినా గుర్తుపట్టనంత దూరపు చుట్టరికం.

* * *

ఈ పేర్లన్నీ నాకు పట్టుబడిన కాలంలోనే మా చిన్నాయన కంటి వైద్యానికి బెంగళూరు వచ్చినాడు. చూపించుకోవడం అయిపోయిన మరునాటి సాయంకాలం ఆయనను ఒక బ్రూవరీకి తీసుకుపోయాను. ఆయన వయసున అయిదు బోర్లు వేయించినవాడు, నాలుగు ఎండినవి. త్రాగుడు అలవాటుగా ఉన్నవాడు కాదు. ఎప్పుడైనా చలికాలంలో ఈతకల్లు ముంతెడు పుచ్చుకొనేవాడు, అంతే. పలక మీది గ్లాసులను విత్తనాలు చూసినట్లు ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి చూసినాడు.

"ఇదేమప్పా, అరటిపండు పిసికినట్ల వాసనొస్తాంది?" అన్నాడు గోధుమ బీరుకు.

"పండేమీ వేయరు చిన్నాయనా, పులిసే గుణంలోనే వస్తుంది."

స్టౌట్ దగ్గర ఆగి నవ్వినాడు. "మీ జేజి రాగులు వేంచతా మాడగొట్టిన దినం ఇంట్లో ఇదే వాసన."

అట్లా చివరి గ్లాసు పిల్స్‌నర్ దాకా వచ్చి, రెండు గుక్కలు త్రాగి, కాసేపు ఊరుకొన్నాడు. తరువాత అడిగినాడు: "అన్నీ బాగుండాయి గానీ, ఏ బావి నీళ్ళప్పా ఇవి?"

వడ్డించే పిల్లవాడికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. బీరు కాచే యువకుడు తెలుగు వచ్చినవాడే కావడంతో తానే వచ్చి వివరంగా చెప్పినాడు. ట్యాంకరు నీళ్ళు తెప్పిస్తారట. ఆర్వో యంత్రంలో వేసి అందులోని లవణాలన్నీ తీసివేస్తారట. ఆపైన ఏ బాణీ బీరు కాచదలచుకొంటే ఆ బాణీకి తగిన లవణాలను తూచి కలుపుతారట.

"తీసేసి మళ్ళా కలిపేదానికి తీసేదెందుకు?" అన్నాడు చిన్నాయన.

ఆ యువకుడు నవ్వి ఊరుకొన్నాడు. ఆ ప్రశ్న మాత్రం నాతో ఊరుకోలేదు. దానికి జవాబు వెదుకుతూ చదివినదే ఇక మీద చెప్పబోయేది.

* * *

మా ప్రాంతంలో బావులకు రుచులుండేవి. ఉప్పునీళ్ళ బావి బట్టలకు, పశువులకు. మంచినీళ్ళ బావి త్రాగడానికి. ఇవి గాక ఆడవాళ్ళ లెక్కలో మూడవ రకం ఒకటి ఉండేది: పప్పు ఉడకని నీళ్ళ బావి. త్రాగడానికి బాగానే ఉంటాయి, కాని ఎంతసేపు మంటపెట్టినా ఆ నీళ్ళలో కందిబేడలు మెత్తబడవు. కాల్షియం లవణాలు ఎక్కువగా ఉన్న కఠినజలంలో పప్పుగింజ గట్టిపడుతుందని రసాయనశాస్త్రం చెబుతుంది. శాస్త్రం చదవని అవ్వలు పప్పుకొక బావి, మజ్జిగకొక బావి అని బిందెలు మోసేవారు.

యూరపులో బీరు కాచేవాళ్ళు చేసింది కూడా సరిగ్గా ఇదే. వాళ్ళకు బావిని మార్చుకొనే వీలు లేదు కనుక పప్పును మార్చుకొన్నారు.

నానబోసిన మాల్టులోని పిండి చక్కెరగా మారాలంటే ఆ జావ కొద్దిపాటి ఆమ్లగుణంతో ఉండాలి. నీటిలో బైకార్బొనేటు ఎక్కువైతే ఆ ఆమ్లగుణం తగ్గుతుంది. లేత మాల్టుతో కాచిన బీరు వగరెక్కి మోటుగా తయారవుతుంది. మ్యూనిక్ నీళ్ళు అటువంటివి, డబ్లిన్ నీళ్ళూ అటువంటివే. అయితే బాగా వేయించిన నల్లని మాల్టుకు, బార్లీకి సహజంగానే ఆమ్లగుణం ఉంది. అది నీటిలోని దోషానికి విరుగుడు. కాబట్టి మ్యూనిక్‌లో గోధుమరంగు డంకెల్, డబ్లిన్‌లో నల్లని స్టౌట్ నిలదొక్కుకొన్నాయి. ఆ ఊళ్ళవాళ్ళు నలుపును మోజుపడి ఎంచుకోలేదు; వాళ్ళ నీళ్ళకు నప్పింది నలుపు.

బొహీమియాలోని పిల్సెన్ ఊరి నీళ్ళు దీనికి పూర్తిగా వ్యతిరేకం. లవణాలు దాదాపు లేని మెత్తని నీరు. 1842లో అక్కడి పౌరులు కట్టించుకొన్న బ్రూవరీలో జోసెఫ్ గ్రోల్ అనే బవేరియా పనివాడు లేత మాల్టుతో, ఆ ప్రాంతపు సాజ్ హాప్స్‌తో లాగర్ కాచినాడు. బంగారు రంగు బీరు వచ్చింది. లోకంలో నేడు త్రాగే బీరులో అధికభాగం, మన లైటూ స్ట్రాంగూ సహా, ఆ బానకు దూరపు సంతానమే. ఇక ఇంగ్లండులో బర్టన్-అపాన్-ట్రెంట్ ఊరి బావుల నిండా జిప్సం. ఆ గంధకపు లవణం హాప్స్ చేదును పదును పెట్టి, పొడిగా, తేటగా చూపిస్తుంది. ఈ కారణాలు 19వ శతాబ్దపు చివరి భాగంలో రసాయనవేత్తలకు తెలిసివచ్చాక, ఇతర ఊళ్ళవాళ్ళు తమ నీళ్ళలో జిప్సం కలుపుకోవడం మొదలుపెట్టినారు. దానికి బర్టనైజేషన్ అనే పేరు కూడా స్థిరపడింది. మా చిన్నాయన అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. తీసివేసేది బెంగళూరు నీటిని, కలిపేది బర్టన్‌నో పిల్సెన్‌నో.

బాణీ అన్నది ఎవరో కూర్చొని కనిపెట్టిన రుచి కాదని నాకు అప్పుడు బోధపడింది. ఒక ఊరు తన నీటితో కుదుర్చుకొన్న రాజీకి బాణీ అని పేరు.

బర్టన్ అన్నాము కనుక ఇండియా పేల్ ఏల్ సంగతి కూడా చెప్పుకోవాలి. 18వ శతాబ్దం చివర లండనులోని బో ప్రాంతంలో హాడ్జ్‌సన్ కుటుంబం కాచిన లేతరంగు బీరు ఈస్టిండియా కంపెనీ ఓడలలో ఇక్కడికి వచ్చేది. 1820లలో బర్టన్‌వాళ్ళు ఆ వ్యాపారంలోకి దిగినారు. ఆఫ్రికా దక్షిణపు కొసను చుట్టి నెలల తరబడి సాగే ప్రయాణాన్ని తట్టుకోవడానికి హాప్స్ దండిగా వేసేవారు. ఇదే బీరును ప్రత్యేకంగా ఇండియా కోసం ఒకడు కనిపెట్టాడన్నది కట్టుకథ. వేడి దేశాలకు పోయే బీరుకు హాప్స్ ఎక్కువ వేయడం అంతకు ముందు నుండీ ఉన్న పద్ధతే. 1800లో మా సీమ దత్తమండలాలలో భాగంగా కంపెనీ చేతికి పోయి, థామస్ మన్రో అనంతపురంలో కూర్చొని శిస్తులు కట్టిన కాలం కూడా అదే. ఈ లేత బీరు ప్రధానంగా దొరలకు, అధికారులకు. సామాన్య సైనికులకు కంపెనీ తెప్పించేది నల్లని పోర్టరు. ఇండియా అన్న పేరు పెట్టుకొన్న బీరులో ఇండియా నీటి చుక్క ఒక్కటీ లేదు. బార్లీ వాళ్ళది, పువ్వు వాళ్ళది, నీళ్ళు వాళ్ళవి. మనది చిరునామా మాత్రమే. అమెరికావాళ్ళు 1972లో విడుదలైన కాస్కేడ్ అనే తమ హాప్స్‌తో దానికి నారింజ, బత్తాయి తొక్క వాసనలు ఎక్కించి క్రొత్త జన్మనిచ్చినారు. అట్లా భూగోళమంతా తిరిగి అది బెంగళూరులో దిగింది.

* * *

సరే, మరి రాప్తాడు నీళ్ళతో బీరు కాస్తే ఏ బాణీ వస్తుంది? ఈ ప్రశ్న పుట్టిన తరువాత నేను కొన్నాళ్ళు సరదాగానే ఆలోచించాను. మాది గ్రానైటు రాతి నేల. ఇటువంటి నేలలలో లోతైన బోరునీటిలో బైకార్బొనేటు ఎక్కువగానే ఉంటుంది. ఆ లెక్కన మా ఊరి బీరు నల్లగానే ఉండాలి. మాడిన రాగుల వాసన వేసే స్టౌట్. రాయలసీమకు తగిన రంగు, తగిన రుచి అని నాలో నేనే మురిసిపోయాను.

ఆ మురిపెం ఎక్కువకాలం నిలవలేదు. మా నేలలోని బైకార్బొనేటు ఒంటరిగా రాదు, ఫ్లోరైడును వెంటబెట్టుకొని వస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే త్రాగరాదన్నది మన దేశపు ప్రమాణం. మా జిల్లాలో దానిని దాటిన బోర్లు ఎన్నో. పైనున్న తెరపు బావులు ఎండిపోయి, బోర్లు వందల అడుగుల లోతుకు దిగినకొద్దీ ఈ బెడద ముదిరింది. పిల్లలకు పళ్ళ మీద గారమచ్చలు, పెద్దలకు వంగని మోకాళ్ళు. నల్లని మాల్టు బైకార్బొనేటును సర్దగలదు, ఫ్లోరైడును సర్దలేదు. మరిగిస్తే పోయేదీ కాదు. నీరు ఆవిరయినకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది.

మ్యూనిక్‌వాడు తన నీటితో రాజీపడగలిగినాడు, డబ్లిన్‌వాడు పడగలిగినాడు. మా నీటితో రాజీ కుదరదు. దానిని వదిలించుకోవడం ఒక్కటే మార్గం. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం జిల్లాలో ఏడు వందలకు పైగా గ్రామాలకు నీళ్ళు చేర్చినప్పుడు జనం దానిని దేవుడి పనిగా చెప్పుకొన్నారంటే అందుకే. ఆ నీళ్ళు చాలనిచోట, అందనిచోట ఇప్పుడు ఆర్వో ప్లాంట్లు. ఇరవై లీటర్ల క్యాను పట్టుకొని వరుసలో నిలబడడం మా పల్లెలలో దినచర్య.

ఇక్కడ నాకు తట్టిన సంగతి ఒకటుంది. బెంగళూరు బ్రూవరీలో పిల్సెన్ నీటిని తయారు చేసే యంత్రమూ, మా పల్లెలో పిల్లల పళ్ళను కాపాడే యంత్రమూ ఒక్కటే. అక్కడ అది పరాయి ఊళ్ళ రుచులను తెచ్చిపెడుతోంది. ఇక్కడ సొంత ఊరి విషాన్ని వడగడుతోంది. రెండు చోట్లా తాను వడగట్టిన దానితో పాటు కొంత నీటిని బయటికి పారబోస్తుంది. బీరు విషయంలో ఈ ఖర్చు ఇంతటితో ఆగదు. పెద్ద కర్మాగారాలు లీటరు బీరుకు మూడు నాలుగు లీటర్ల నీరు వాడతాయి. చిన్న బ్రూవరీలకు అంతకు రెట్టింపు కావడం మామూలే. ఇది బార్లీ పండించిన నీటిని కలపకుండా చెప్పిన లెక్క. 2024 వేసవిలో బెంగళూరే ట్యాంకర్ల కోసం వీధికెక్కింది. అప్పటి నుండి గ్లాసులో అడుగున మిగిల్చి లేవడం నా చేత కావడం లేదు.

* * *

మా నేలకు సొంత బాణీ లేదా అంటే, ఉంది. అది బావినీటితో చేసినది కాదు, చెట్టు తోడి ఇచ్చినది. పండమేరు వంటి వంకల ఒడ్డున, చెరువు కట్టల వెంట పెరిగే ఈతచెట్ల కల్లు.

బెల్జియంలో బ్రస్సెల్స్ పరిసరాలలో, సెన్నె నది లోయలో, లాంబిక్ అనే బీరు కాస్తారు. దానికి ఈస్టు వేయరు. మరిగించిన తీపినీటిని వెడల్పాటి తొట్లలో పోసి రాత్రంతా గాలికి వదిలివేస్తారు. ఆ గాలిలో, ఆ కప్పు దూలాలలో, పాత పీపాలలో కాపురమున్న సూక్ష్మజీవులే వచ్చి పులియబెడతాయి. చలినెలలలోనే ఈ పని. ఏడాది నుండి మూడేళ్ళ దాకా పీపాలలో ఉంచి, లేతదీ ముదురుదీ కలిపి గ్యూజ్ చేస్తారు. పుల్లగా, పశువుల పాక వాసనతో, మొదటిసారి మొహం చిట్లించేటట్లుంటుంది. లోకంలోని బీరు పండితులు దానిని నెత్తిన పెట్టుకొంటారు.

ఈతకల్లు కూడా చలినెలల పంటే. ఈడిగవాళ్ళు చెట్టు మెడ దగ్గర చెక్కి కుండ కడతారు. రాత్రంతా దిగిన నీరు తెల్లవారుజామున తేనె తీపి. దానికీ ఎవరూ ఈస్టు వేయరు. కుండ లోపలి గోడకు నిన్నటి నుండి అంటుకొని ఉన్న జీవులే చాలు. పొద్దు రెండు బారలు ఎక్కేసరికి నురగ, మధ్యాహ్నానికి పులుపు, సాయంత్రానికి ఘాటు. లాంబిక్‌కు మూడేళ్ళు పట్టే ప్రయాణం కల్లుకు ఒక్క పగటిలో ముగుస్తుంది. అందుకే అది సీసాకెక్కదు, ఊరు దాటదు, చెట్టు కిందనే త్రాగాలి. మొదటిసారి గ్యూజ్ త్రాగినప్పుడు నాకు యూరపు కాదు, మా వంక ఒడ్డు గుర్తుకు వచ్చింది.

మన పూర్వులకు ఈ భేదాలు తెలియవనుకోరాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడనే అధికారి ప్రకరణంలో మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని ఆరు రకాలను పేరుపేరునా చెప్పినాడు. ఒక ద్రోణం నీరు, అర ఆఢకం బియ్యం, మూడు ప్రస్థాల కిణ్వం కలిపితే మేదకం. కిణ్వమంటే పులియబెట్టే ముద్ద. ధాన్యం, నీరు, పులుపు కలిసినదే కనుక, ఇది చెట్టుకల్లు కన్నా బీరుకు దగ్గరి చుట్టం. ఆయనకూ కావలసింది ఖజానాకు రాబడే. అయినా రాబడి లెక్కతో పాటు వంటకం లెక్క కూడా వ్రాసిపెట్టినాడు.

తరువాతి కాలపు మన ప్రభుత్వాలకు మొదటి లెక్క గుర్తుంది, రెండవది గుర్తులేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాయి దుకాణాన్ని మూయించినారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించి 1993 అక్టోబరులో సారాయి నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినవి. 1997లో ఆ నిషేధాన్ని సడలించినారు. 2019 అక్టోబరు నుండి అయిదేళ్ళు దుకాణాలు ప్రభుత్వమే నడిపింది. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటువారికి ఇచ్చింది. ఇన్ని మలుపులలోనూ చర్చ ఎవరు అమ్మాలి, ఎంతకు అమ్మాలి, అసలు అమ్మవచ్చునా అన్నదే. దూబగుంట ఆడవాళ్ళ పక్షాన నేను నేటికీ నిలబడతాను. వాళ్ళు పోరాడింది మత్తు తప్ప మరేమీ లేని ద్రవం మీద. ఆ ద్రవమే మిగిలి, ఊరి రుచిగల కల్లు సన్నగిల్లడం ఈ కథలోని విషాదం. ఈతచెట్లు పొలాల చదునుకు, వంకల ఇసుక తవ్వకాలకు పోయినవి. చెట్టెక్కేవాళ్ళ పిల్లలు చెట్టెక్కడం లేదు. చెట్టు లేనిచోట కల్లు పేరుతో మత్తుమందులు కలిపిన నీళ్ళు అమ్ముతారు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు త్రాగి పలువురు చనిపోయినారు. రుచి తెలిసిన నాలుక తెల్లనీళ్ళను కల్లని నమ్మదు. రుచి అడగడం మానుకొన్న చోట ఏది పోసినా చెల్లుతుంది. రుచి గూర్చి మాట్లాడడం విలాసమని ముక్కు విరిచే మిత్రులకు నా జవాబు ఇంతే.

* * *

ఇష్టమైనవేవో చెప్పమంటారేమో, చెప్పి ముగిస్తాను. నా వరుసలో మొదటిది సేజోన్. బెల్జియంలోని వల్లోనియా పల్లెలలో, చలికాలంలో కాచి ఉంచి, ఎండకాలంలో పొలం కూలీలకు పోసేవారని చెప్పుకొనే బీరు. పొడిగా, మిరియపు ఘాటుతో, దప్పిక తీర్చేటట్లుంటుంది. చెనక్కాయ పెరికేవాళ్ళకు అంబలి పోసిన చేతులు దానిని వెంటనే గుర్తుపడతాయి. రెండవది ధనియాల విట్, వేయించిన చెనిక్కాయలతో. మూడవది స్టౌట్, వానపడిన సాయంకాలం. మా వైపు అటువంటి సాయంకాలాలు అరుదు కనుక దానితో ప్రమాదం తక్కువ. ఇండియా పేల్ ఏల్‌ను ఏడాదికి ఒకటి రెండుసార్లు, వేపపువ్వుకు ఇచ్చే గౌరవంతో పుచ్చుకొంటాను.

మంచి పిల్స్‌నర్ దొరికితే మాత్రం మాటలు తగ్గించుకొంటాను. దాచుకోవడానికి పండు వాసన లేదు, మసాలా లేదు, మాడు లేదు. ఉన్నదంతా నీరే. మంచినీళ్ళ బావి ఒకటి ఊరిలో ఉండడమన్నది ఎంతటి భాగ్యమో ఆ బీరు చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు.